నెల్లూరులో ఇల్లు కట్టిస్తున్నారా? ‘ఫినిషింగ్‌లో సర్దేస్తాం’ అంటే అక్కడే పని ఆపించండి

సొంత స్థలంలో, మెటీరియల్‌తో కలిపి అడుగుకింత అని కాంట్రాక్టుకిచ్చి ఇల్లు కట్టించుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. మాది నెల్లూరు శివార్లలో 30 అంకణాల స్థలం, తూర్పు వాకిలి, డూప్లెక్స్. ఇంజనీరు ప్లాన్ బాగానే గీశాడు. కట్టిన కాంట్రాక్టరే తనకు వీలైనట్టు మార్చుకుంటూ పోయాడు. ఎప్పుడడిగినా "ఏం కాదు సార్, ఫినిషింగ్‌లో సర్దేస్తాం" అనేవాడు. కాంక్రీటు పడ్డాక సర్దేదేమీ ఉండదు.

ముందు మెట్ల సంగతి చెప్తాను, మా ఇంట్లో రోజూ బాధపెట్టేది అదే. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకు పదిన్నర అడుగులు. ప్లాన్‌లో 18 మెట్లు, ఒక్కోటి 7 అంగుళాల ఎత్తు. ఒక పిల్లర్ పక్కకు జరగడంతో జాగా చాలక 15 మెట్లతో సరిపెట్టేశాడు. ఒక్కోటి 8.4 అంగుళాలకు పోయింది. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదు. మా అమ్మ రెయిలింగ్ పట్టుకుని, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి, కాస్త ఆగి, అప్పుడు పై మెట్టెక్కుతుంది. దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగుతుంది. ఆమె కోసమే పైన కట్టించిన పూజ గది ఖాళీగా ఉంది, పటాలన్నీ డైనింగ్ హాల్లో అల్మారాలోకి వచ్చేశాయి. దానికితోడు మెట్లకు పాలిష్ పట్టిన చీమకుర్తి నల్ల గ్రానైట్ వేశారు. తడి కాలు పెడితే జారుతుంది. మీరు వేయించుకుంటే గరుకు ఫినిష్ అడగండి, అంచున గాళ్లు కొట్టించండి.

బాత్రూమ్ దగ్గర స్లాబును కిందికి దించి పోయాలి. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కొట్టే అచ్చు) పని పెరుగుతుందని సమంగా పోసేశారు. తర్వాత పైపుల కోసం లోపలి నేల లేపారు. ఇప్పుడు బెడ్‌రూమ్ నుంచి బాత్రూమ్‌లోకి ఒక మెట్టెక్కాలి. రాత్రిపూట పెద్దవాళ్లకు అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

సన్‌షేడ్లు కూడా రెండడుగులకు బదులు ఒక అడుగే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ తూర్పు గాలితో వస్తాయి. తూర్పు కిటికీల కింద గోడంతా చెమ్మ, వార్డ్‌రోబ్ ప్లైవుడ్ ఉబ్బిపోయింది.

కాబట్టి సెంట్రింగ్ కొట్టాక, కాంక్రీటు పోయకముందే టేపు పట్టుకుని వెళ్లండి. మెట్లు ఎన్ని, ఎత్తెంత, బాత్రూమ్ స్లాబు ఎంత దిగింది, సన్‌షేడ్ ఎంత బయటికొచ్చింది కొలిచి ఫొటోలు తీసుకోండి. కాంట్రాక్టర్ తెచ్చిన ఇంజనీరు కాకుండా మీరు ఫీజిచ్చే ఇంజనీరు చూసి సరే అన్నాకే స్లాబు వాయిదా డబ్బులిస్తానని అగ్రిమెంట్‌లో రాయించండి. ప్లాన్ కాపీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టి అగ్రిమెంట్‌కు జతచేయండి. వీటికి ఒప్పుకోని మనిషికి పనివ్వకండి, రేటు ఎంత తక్కువ చెప్పినా సరే.

ఇప్పటికే నష్టపోయినవాళ్లు ఊరుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సేవ కిందికే వస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. అగ్రిమెంట్, రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు ఒక్కటి కూడా పారేయకండి.