క్వాడ్‌టోన్ రిప్‌తో ఆరేళ్ల బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్

నల్గొండలో మాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు ఎలాగూ ఉంటాయి, కానీ నాకు ప్రాణమైన పని వేరే: ఇళ్లల్లో గోడకు వేలాడి మరకలు పడ్డ పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలను స్కాన్ చేసి, బాగుచేసి, మళ్లీ ప్రింట్ తీసివ్వడం. మొదట్లో అన్నీ మామూలు కలర్ డ్రైవర్‌తోనే, అంటే ప్రింటర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌తోనే తీసేవాణ్ణి. ఒకరోజు దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒకాయన షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి బాగుందన్నాడు, డబ్బులిచ్చి బయట ఎండలోకి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి "మా నాయిన మొహం గిట్ల పచ్చగ అయ్యిందేంది సార్?" అని అడిగాడు. చూస్తే నిజమే. ఆ ఫోటో ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క ఫోటో. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

కారణం తర్వాత తెలిసింది. కలర్ డ్రైవర్ బూడిద రంగును నల్ల ఇంకుతో మాత్రమే వెయ్యదు, సయాన్, మెజెంటా, ఎల్లో కలిపి తయారు చేస్తుంది. ఆ మూడింటి పాళ్లు కొంచెం అటూ ఇటూ అయినా ఒక రంగు తేలిపోతుంది, పైగా వెలుగు మారితే ఆ రంగూ మారుతుంది. దీనికి మందు నల్ల ఇంకులు ఎక్కువగా ఉన్న ప్రింటర్. ఎప్సన్ 2005లో కే3 ఇంకులతో మూడు నలుపులు తెచ్చింది: నలుపు, లేత నలుపు, ఇంకా లేత నలుపు. నేను అలాంటి సెకండ్ హ్యాండ్ ప్రింటర్ కొని, దాన్ని నడపడానికి రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకున్నాను. వాడి చూసి నచ్చాక 50 డాలర్లు కట్టే షేర్‌వేర్ ఇది. ప్రింటర్‌తో వచ్చే డ్రైవర్‌ను పక్కన పెట్టి, ఏ ఇంకు ఎంత పడాలో అదే నేరుగా చెప్తుంది.

స్క్రీన్ చూస్తే కొత్తవాళ్లకు భయం వేస్తుంది, అలంకారం ఏమీ ఉండదు. విండోస్‌లో దానికి సొంత విండో, మ్యాక్‌లో అయితే ఇంకో ప్రింటర్ లాగా కనిపిస్తుంది. అసలు పని కర్వ్‌లో ఉంది. కర్వ్ అంటే ఒక టెక్స్ట్ ఫైలు, 0 నుంచి 255 దాకా ప్రతి మెట్టుకూ ఏ ఇంకు ఎంత వెయ్యాలో అందులో అంకెలుంటాయి. కొన్ని పేపర్లకు కర్వ్‌లు దాంతోనే వస్తాయి, వామ్ (కొంచెం గోధుమ ఛాయ), కూల్ (కొంచెం నీలి ఛాయ) అని రెండు కర్వ్‌లు పెట్టుకుని స్లైడర్‌తో కలుపుకోవచ్చు, నీడలకు ఒక పాళ్లు, వెలుగులకు ఇంకో పాళ్లు కూడా ఇవ్వొచ్చు. మన పేపర్‌కు కర్వ్ లేకపోతే మనమే చేసుకోవాలి.

ఇక్కడ ఓపిక కావాలి. ముందు కాలిబ్రేషన్ పేజీ తీసి ఏ ఇంకు ఎంత దాకా పడితే నలుపు పెరుగుతుందో, ఎక్కడి నుంచి పెరగడం ఆగిపోయి పేపర్ తడిసిపోతుందో కళ్లతో చూసుకోవాలి. ఇంక్ లిమిట్, అంటే ఇంకు ఎంత దాకా పడాలన్న హద్దు, ఎక్కువ పెట్టి నేను పాడు చేసిన కాటన్ పేపర్ తక్కువేం కాదు, నలుపు పెరగాలని ఇంకు పెంచుతూ పోతే 90, 100 శాతం గడులు ఒకేలాగా వచ్చాయి. తర్వాత తెలుపు నుంచి నలుపు దాకా 5 శాతం చొప్పున పెరిగే 21 గడుల పట్టీ ప్రింట్ చేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, ప్రతి గడినీ కొలిచి ఆ అంకెలు ఇస్తే సాఫ్ట్‌వేర్ కర్వ్‌ను సరిచేస్తుంది. మొదటి ఏడాది ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తోనే కొలిచాను, పని నడుస్తుంది గానీ నీడల్లో స్కానర్ తడబడుతుంది. ప్రింట్ మీద రంగును, నలుపును కచ్చితంగా కొలిచే పాత స్పెక్ట్రోఫోటోమీటర్ ఒకటి దొరికాక ఆ టెన్షన్ పోయింది. తడిగా ఉన్నప్పుడే కొలవకండి, ఆరాక అంకెలు మారతాయి.

ఫలితం? నల్గొండ పక్కనే పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో నేను తీసిన ఫోటో ఒకటి ఉంది, లింగం వెనక గోడ మీద పగలంతా నిలిచి ఉండే ఆ నీడది. పాత ప్రింట్‌లో నీడా, రాయీ, పక్కనున్న చీకటీ అంతా ఒకే మసి. అదే ఫైలు ఈ కర్వ్‌తో మ్యాట్, అంటే మెరుపు లేని, కాటన్ పేపర్ మీద తీస్తే నీడ అంచు మెత్తగా విడిగా కనిపించింది, దాని లోపల రాతి గరుకుదనం కూడా తెలిసింది. వెలుగుల్లో అయితే ఇంకా తేడా, ఇంకో ఫోటోలో ఒక ముసలాయన తెల్ల తలపాగాలో మడతలన్నీ లెక్కపెట్టొచ్చు, లేత నలుపు ఇంకులు ఉండడం వల్ల ఇంకు చుక్కలు కంటికి ఆనవు.

అయితే అందరికీ ఇదే కొనమని చెప్పను. ఈ మధ్య ప్రింటర్ల డ్రైవర్లలోనే వచ్చే బ్లాక్ అండ్ వైట్ మోడ్ గ్లాసీ పేపర్ మీద చాలా బాగుంటుంది, ఏడాదికి పది ప్రింట్లు తీసేవాళ్లకు అది చాలు. మ్యాట్ పేపర్‌లో నలుపు ఎలాగూ గ్లాసీ అంత లోతుగా రాదు, డెన్సిటీ, అంటే నలుపు గాఢత కొలత, 1.6, 1.7 దగ్గర ఆగుతుంది, కాబట్టి ఉన్న ఆ కొంచెం జాగాలో మెట్లన్నీ సమంగా సర్దడానికే ఇంత శ్రమ. మ్యాట్ మీద పని చేసేవాళ్లు మాత్రం తప్పకుండా నేర్చుకోండి. ఇంకొకటి, క్వాడ్‌టోన్ రిప్ ప్రధానంగా ఎప్సన్ ప్రింటర్ల కోసం చేసింది, మీ మోడల్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. మే నెలలో పది రోజులు ప్రింటర్ ముట్టుకోకపోతే నాజిల్, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం, ఎండిపోతుంది. ఒక్క లేత నలుపు నాజిల్ మూసుకున్నా కర్వ్ మొత్తం తప్పినట్టే కనిపిస్తుంది, నేను రెండు రోజులు కర్వ్‌ను తిట్టుకుని చివరికి అన్ని నాజిల్స్ పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ పేజీ తీస్తే అసలు సంగతి బయటపడింది. ఇప్పుడు వారానికి ఒకసారి తప్పనిసరిగా చిన్న ప్రింట్ తీస్తాను.

ఫైలు మాత్రం అసలు సైజులో, 16 బిట్ టిఫ్ ఫార్మాట్‌లో, గ్రే గామా 2.2 అనే బ్లాక్ అండ్ వైట్ ప్రొఫైల్‌తో ఇస్తాను. ప్రింటర్‌లో 1440 డీపీఐ రిజల్యూషన్, హెడ్ ఒకే దిశలో వెళ్లేటప్పుడే ఇంకు వేసేలా పెడతాను. కర్వ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేరేగా దాచుకోండి, పేపర్ పేరు, తేదీ రాసి. కంప్యూటర్ పోయినప్పుడు నన్ను అవే కాపాడాయి. పోయిన దసరాకు ఆ దేవరకొండ ఆయన తమ్ముడి కోసం ఇంకో కాపీ అడిగితే, మూడేళ్ల కింద తిరిగి తీసిచ్చిన ప్రింట్ తెమ్మని, పాత కర్వ్‌తోనే కొత్తది తీసి రెండూ పట్టుకుని బయట ఎండలో నిలబడ్డాం. ఏది పాతదో, ఏది కొత్తదో ఆయన చెప్పలేకపోయాడు.