‘పిడివాది’ మెప్పా, నిందా? ఆంధ్రభారతి నిఘంటుశోధనపై ఒక సమీక్ష

మా ప్రధానోపాధ్యాయుల పదవీ విరమణ సంచికకు వచ్చిన వ్యాసాలను దిద్దుతుండగా, ఒక మిత్రుడు ఆయనను మెచ్చుకుంటూ ‘గొప్ప పిడివాది’ అని రాసిన వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ మాట సంగతి తేల్చుకోవడానికి, కొన్నేళ్లుగా నేను వాడుతున్న, అనేక నిఘంటువులలో ఒకేసారి పదాలు వెదికిపెట్టే వెబ్‌సైటు సేవ ఆంధ్రభారతి నిఘంటుశోధననే మళ్లీ ఆశ్రయించాను.

ఈ సేవ ఉచితం. ఒక్క పదం రాస్తే చాలు, 1852లో మొదట వెలువడిన బ్రౌను నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, మాండలిక పదకోశాలు మొదలైనవాటిలో అది ఎక్కడెక్కడ ఉందో ఆ అర్థాలన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అల్మరా నిండా సంపుటాలు కొనలేని నాబోటి ఉపాధ్యాయునికి ఇది నిజంగా పెన్నిధి.

పిడివాదంతో ఆగకుండా పిడి, పిడికిలి, పిడికెడు అనే మాటలను కూడా వెదికాను. కత్తికైనా గొడ్డలికైనా పిడి అంటే చేతితో పట్టుకొనే చోటు. తమిళంలో ‘పిడి’ అన్నా కన్నడంలో ‘హిడి’ అన్నా పట్టుకోవడమే. తమిళులు పసిపిల్లల మంకుపట్టును కూడా పిడివాదమనే అంటారు. మనం మాత్రం దాన్ని ఎక్కువగా వాదానికే పరిమితం చేశాం. ఎదుటివాడు నాలుగు కాళ్లూ లెక్కపెట్టి చూపినా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడు పిడివాది.

మొండితనం దారి వేరు. మొండికత్తి, మొండిగోడ, మొండిబాకీ అన్నప్పుడు విరిగిపోయినదో, పదును లేనిదో, వసూలు కానిదో మనసుకు తడుతుంది. అయినా ‘మొండివాడు రాజుకన్నా బలవంతుడు’ అనే సామెతలో కొంత గౌరవం ధ్వనిస్తుంది. పిడివాదికి ఆ గౌరవం దక్కలేదు.

అయితే ఈ మెప్పూ నిందల తేడా నిఘంటువులో ఒక్కో పదం కింద ఇచ్చిన అర్థాలను చదివినంత మాత్రాన పట్టుబడదు. నిఘంటువు అర్థం చెబుతుంది కానీ, మాట పలికేవాడి గొంతును వినిపించలేదు. విద్యార్థులు ఈ సేవను వాడేటప్పుడు పక్కన సామెతల పుస్తకం ఒకటి ఉంచుకోవాలని నా సూచన.

ఇదంతా వివరించాక మిత్రుడు వెంటనే ఒప్పుకున్నారు. సంచికలో ఆ వాక్యం ‘పట్టుదల గల మనిషి’ అని అచ్చయింది.