ట్రైల్ రిడ్జ్ రోడ్డు: హోటల్ కన్నా ముందు గేటు టైము చూసుకోండి

ట్రైల్ రిడ్జ్ రోడ్డు అమెరికాలో కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు కొండలను తూర్పు నుంచి పడమరకు దాటించే రోడ్డు. ఈ పార్కుకు ఏటా 40 లక్షల మందికి పైగా వస్తారు. డెన్వర్ నుంచి గంటన్నర ప్రయాణం కాబట్టి, వేసవి శని ఆదివారాల్లో ఊరికే కారు తీసి వెళ్లిపోదాం అనుకునే చోటు కాదిది. మనవాళ్లు ఎక్కువగా ముందు హోటల్ వెతుకుతారు, తర్వాత చూడాల్సినవన్నీ రాసుకుంటారు, పర్మిట్ సంగతి ఆఖరున గుర్తొస్తుంది. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు నేను ముందు పర్మిట్ సంగతి తేల్చుకుని, మిగతావన్నీ దాని చుట్టూ పెట్టుకున్నాను.

ఇక్కడ 2020లో టైమ్డ్ ఎంట్రీ, అంటే వేళ ముందే బుక్ చేసుకుని పర్మిట్‌తో లోపలికి వెళ్లే పద్ధతి, మొదలైంది. మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య వరకు రెండు రకాల పర్మిట్లు ఉంటాయి. పార్కులోనే ఉన్న బేర్ లేక్ అనే చెరువుకు వెళ్లే రోడ్డు కూడా కలిసి ఉన్నది ఒకటి, అది తప్ప మిగతా పార్కంతా తిరగడానికి ఇంకొకటి. మేం వెళ్లిన సీజన్లో రెండోది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు గేటు దాటేవాళ్లకే కావాలి. అంటే 9 కాకముందే లోపలికి వెళ్లిపోతే ట్రైల్ రిడ్జ్ రోడ్డుకు పర్మిట్టే అక్కర్లేదు, పార్కు టికెట్ ఉంటే చాలు. బేర్ లేక్ వైపు మాత్రం తెల్లవారుజామున 5 నుంచి సాయంత్రం 6 దాకా పర్మిట్ అడుగుతారు. రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో ఏ పర్మిట్‌కైనా రెండు డాలర్లు. ముందు నెల ఒకటో తారీఖున ఉదయం 8కి ఎక్కువ భాగం వదులుతారు, మిగిలినవి ముందురోజు సాయంత్రం 7కి. బేర్ లేక్‌వి నిమిషాల్లో అయిపోతాయి. ఈ తేదీలు, వేళలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి వెళ్లే ముందు పార్కు సైటు ఒకసారి చూసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఇంకో సంగతి. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని సందర్శకులకు ఈ పార్కుతో కలిపి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. మీ కారుకు, మీ పాసుకు అది ఎలా వర్తిస్తుందో ముందే చదువుకుని వెళ్లండి. గేటు దగ్గర వెనక కార్లు ఆగి ఉండగా తేల్చుకునే విషయం కాదు.

డెన్వర్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు, చాలామంది అదే చేస్తారు. పెద్దవాళ్లుంటే నేను వద్దంటాను. కారణం దూరం కాదు, ఎత్తు. పార్కు తూర్పు గేటు పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊరే 7,522 అడుగుల మీద ఉంది, అంటే ఊటీ కన్నా కాస్త ఎక్కువే. అక్కడి నుంచి రోడ్డు 12,183 అడుగులకు ఎక్కుతుంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ మనకు అలవాటైన దానికన్నా మూడో వంతు తక్కువగా అందుతుంది. ముందురోజు రాత్రి ఎస్టెస్‌లో పడుకుంటే ఒంటికి కొంత అలవాటవుతుంది, పొద్దున్నే గేటు దాటడమూ తేలిక. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్ను అడిగే రావాలి. అమ్మ అడిగే వచ్చింది.

పార్కు లోపల హోటళ్లు లేవు, క్యాంప్‌గ్రౌండ్లే. మేం ఫాల్ రివర్ వైపు ఏటి ఒడ్డున ఉన్న క్యాబిన్ తీసుకున్నాం. ఏటి చప్పుడు బాగుంది, వంటగది ఉంది. కానీ ఏసీ లేదు, జులై సాయంత్రం గదంతా ఉక్క. మెట్లు నిటారుగా ఉన్నాయని ఫొటోల్లో తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం బుక్ చేస్తుంటే మొదటి అంతస్తు కాకుండా కింద గదే కావాలని ఫోన్ చేసి మరీ అడగండి. ఊరి నడిబొడ్డున ఉండే మోటళ్లలో సందడి ఎక్కువ, పార్కింగ్ తలనొప్పి, కానీ నడిచి తిండికి వెళ్లొచ్చు. పెద్ద కుటుంబాలు కలిసి వెళ్తే పార్కు పక్కనే ఉన్న వైఎంసీఏ ఆఫ్ ది రాకీస్ అనే బస నాకు నచ్చుతుంది. పిల్లలు పరిగెత్తడానికి జాగా ఉంది, గదులు మాత్రం సాదాసీదా. తిండి విషయంలో ఎస్టెస్‌లో నేపాలీ హోటల్ ఒకటి దొరికింది, అన్నం పప్పుకు లోటు లేదు. అయినా పులిహోర, పెరుగన్నం కట్టుకునే వెళ్లాం.

పొద్దున్న ఆరున్నరకల్లా బీవర్ మెడోస్ గేటు దాటాం. ముందు ఒకే ఒక్క కారు. ఈ రోడ్డు మీద తూర్పు నుంచి పడమరకు పొద్దున్నే వెళ్తే ఎండ వెనక నుంచి పడుతుంది, ముందున్న కొండలన్నీ వెలుగులో కనిపిస్తాయి. ఎస్టెస్ నుంచి పడమటి చివరనున్న గ్రాండ్ లేక్ ఊరి దాకా మొత్తం 48 మైళ్లు. అందులో 11 మైళ్లు చెట్లు పెరగని ఎత్తులో నడుస్తుంది. రోడ్డు 1932లో తెరిచారు, వాలు ఎక్కడా 7 శాతం దాటదు కాబట్టి ఎక్కడం పెద్ద కష్టం కాదు. భయపెట్టేది అంచు. చాలా చోట్ల రెయిలింగ్ లేదు. రెయిన్‌బో కర్వ్ దాటాక నాన్న కాసేపు కిటికీ వైపు చూడడం మానేశారు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి, లేకపోతే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. దారిలో ఆ వాసన వదులుతూ వెళ్లిన కార్లు చూశాం.

బాత్రూములు హిడెన్ వ్యాలీ, రెయిన్‌బో కర్వ్, రాక్ కట్, ఆల్పైన్ విజిటర్ సెంటర్, మిల్నర్ పాస్ దగ్గర ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఆగే చోట్లను ఇవే నిర్ణయిస్తాయి, వ్యూపాయింట్లు కాదు. పెట్రోలు పార్కు లోపల ఎక్కడా దొరకదు, ఫోన్ సిగ్నల్ చాలా దూరం రాదు. మ్యాప్ ముందే దించుకోవాలి.

ఒక్క చోటే కాసేపు ఆగుతామంటే రాక్ కట్ దగ్గర ఆగండి. తారు వేసిన కాలిబాట ఉంది, రెండు పక్కలా అరచేతిలో పట్టేంత మొక్కలకు నీలం, పసుపు పూలు. అక్కడ మొక్క ఎదగడానికి ఏడాదికి ఆరు వారాలకు మించి దొరకదు. ఒకరు తొక్కిన చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, అందుకే బాట దాటొద్దని బోర్డులు. కొంచెం నడిచేసరికి అమ్మకు ఆయాసం వచ్చింది. వెనక్కి వచ్చి కారులో కూర్చుని నీళ్లు తాగితే తగ్గింది. 11,796 అడుగుల మీదున్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ పక్కనే మెట్ల బాట ఇంకొకటుంది, చూడ్డానికి చిన్నదే. దాని జోలికి పెద్దవాళ్లను పంపొద్దు. మేం వెళ్లేసరికి పార్కింగ్ సగం ఖాళీ. పదయ్యాక ఇక్కడ చోటు కోసం కార్లు చుట్టూ తిరుగుతుంటాయి. స్వెట్టర్లు జులైలో కూడా కావాలి, డెన్వర్‌లో మండిపోతున్న రోజున పైన వేళ్లు కొంకర్లు పోయాయి.

మధ్యాహ్నం దాటితే పైన ఉరుములు, మెరుపులు మామూలు. చెట్టన్నదే లేని చోట మెరుపుకు మనిషే ఎత్తైన వస్తువు. పొద్దున్నే ఎక్కమనడానికి జనం ఒక కారణమైతే ఇది రెండోది. పదకొండున్నరకల్లా చెట్ల కిందికి దిగిపోవాలని లెక్క పెట్టుకోండి.

పడమటి వైపు దిగుతుంటే జనం సగానికి సగం తగ్గిపోయారు. చాలామంది విజిటర్ సెంటర్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారు మరి. నాకైతే రోడ్డులో ఇదే మంచి భాగం. మిల్నర్ పాస్ దగ్గర, 10,758 అడుగుల మీద, ఖండాన్ని నీళ్ల లెక్కన రెండుగా చీల్చే గీత దాటతాం. ఒక పక్క పడిన వాన అట్లాంటిక్ వైపు, ఇంకో పక్కది పసిఫిక్ వైపు. ఫార్‌వ్యూ కర్వ్ నుంచి ఎదురుగా కొండల మీద అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. అది గ్రాండ్ డిచ్ అనే కాలువ. 1890లో తవ్వడం మొదలుపెట్టారు. పడమటి కొండల మంచు నీటిని పోగేసి, కనుమ దాటించి, తూర్పు మైదానంలోని పొలాలకు పంపుతారు. కృష్ణా డెల్టాలో జీవితమంతా కాలువ నీటి కోసం వంతులు చూసిన నాన్న, అంచు భయం మర్చిపోయి అక్కడ అరగంట నిలబడ్డారు. "ఇటు నీళ్లు అటు తీసుకుపోతే ఇటువాళ్లు ఊరుకున్నారా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. కింద లోయలో కొలరాడో నది మన పంట కాలువంత కూడా లేదు. గ్రాండ్ కాన్యన్‌ను కోసింది ఇదే అంటే ఆయన నమ్మలేదు.

ఆ లోయలో 2020 అక్టోబరు కార్చిచ్చుకు కాలిపోయిన చెట్లు ఇంకా నల్లగా నిలబడి ఉన్నాయి. దుప్పిజాతి పెద్ద జంతువు మూస్ ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. కారు దిగి దగ్గరికి పోవద్దు, చూడ్డానికి మందకొడిగా ఉన్నా మీదికొస్తుంది. ఉడతలకు చిప్స్ వేయడం కూడా నేరమే.

ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు గురించి అడుగుతుంటారు. తిరుమల రెండో ఘాట్ లాగా ఎక్కడానికి మాత్రమే, కానీ మట్టిరోడ్డు, గంటకు 15 మైళ్లు. 1920 నాటిది, మామూలుగా జులైలో తెరుస్తారు. కుర్రాళ్లకు సరదా. చాలా అద్దె కార్ల ఒప్పందాల్లో మట్టిరోడ్డు నిషేధం ఉంటుంది, చూసుకోండి. వాంతులయ్యేవాళ్లుంటే మానేయండి. బేర్ లేక్‌ను కూడా అదే రోజు ఇరికించొద్దు, ఇంకో రోజు పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి రెండు దారులు. గ్రాండ్ లేక్‌లో భోజనం చేసి అదే రోడ్డున వెనక్కి రావడం ఒకటి, కాకపోతే మధ్యాహ్నపు ఉరుముల్లో మళ్లీ పైకెక్కాలి. రెండోది గ్రాన్బీ, వింటర్ పార్క్, బెర్తూడ్ పాస్ మీదుగా ఐ-70 హైవే పట్టుకుని డెన్వర్ రావడం. మేం మామూలు పనిదినాన రెండోది పట్టుకున్నాం, హాయిగా సాగింది. ఆదివారం సాయంత్రమైతే ఐ-70 మీద కొండల నుంచి దిగే ట్రాఫిక్‌తో టెన్షనే. వారాంతంలోనే కుదిరితే గ్రాండ్ లేక్‌లో ఆ రాత్రి ఉండి సోమవారం పొద్దున దిగడం మేలు. ఎస్టెస్ కన్నా చిన్న ఊరు, దుకాణాలు తక్కువ, చెరువు ఒడ్డున బల్లలు ఖాళీగా దొరుకుతాయి.