‘కౌబాయ్ కార్టర్’లో మూడో పాట

బియాన్సే ఆల్బమ్ ‘కౌబాయ్ కార్టర్’ను అది వెలువడిన 2024 మార్చి 29 నుంచి వింటున్నాను. ఇది అసలు కంట్రీ, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతమేనా అన్న వాదన, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏడు దీనికి ఒక్క నామినేషన్ కూడా ఇవ్వకపోవడం, ఆ తర్వాత వచ్చిన గ్రామీలు అందరికీ తెలిసినవే. నన్ను ఇన్నాళ్లు దీనికి కట్టిపడేసినది మూడో పాట ‘సిక్స్‌టీన్ క్యారేజెస్’లోని స్టీల్ గిటార్.

చిన్నప్పుడు అమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాను. తీగ మీద వేలు ఎత్తకుండా ఒక స్వరం నుంచి మరొక స్వరానికి సాగే జారు పలికించడానికి నాకు నెలలు పట్టింది. పదిహేనో ఏటనే ఇల్లు విడిచి పనిలో పడిన అమ్మాయి అలసటను చెప్పే ఈ పాటలో రాబర్ట్ రాండాల్ఫ్ స్టీల్ గిటార్ సరిగ్గా అలాగే జారుతుంది. 1930ల నుంచి కొన్ని నల్లజాతి చర్చిలలో స్టీల్ గిటార్ మీదనే ఆరాధన సంగీతం సాగించిన సంప్రదాయం ఆయనది. అక్కడ ఆ వాద్యం గాయకులకు తోడుగా ఉండటమే కాక తానూ ఒక గొంతై పాడుతుంది. గోటువాద్యం విన్న చెవికి ఈ నాదం పరాయిది కాదు, ఎందుకంటే రెండింటిలోనూ తీగను వేళ్లతో నొక్కరు, దాని మీద కడ్డీని జరుపుతారు.

అయితే తొమ్మిది నెలల పాటు ఈ ఆల్బమ్‌ను నేను సరిగ్గా వినలేదని డిసెంబరులో గాని తెలియలేదు. హ్యూస్టన్ నుంచి పశ్చిమ టెక్సస్‌కు ఒంటరిగా కారులో బయలుదేరాను. శాన్ ఆంటోనియో దాటాక సిగ్నల్ తరచూ పోతుంది కనుక ఫోనులో ముందే దించుకున్న ఈ ఒక్క ఆల్బమే నాకు దిక్కయింది. ఆఫీసుకు వెళ్లేటప్పటి అలవాటు కొద్దీ పాటలు వరుస తప్పి వస్తున్నాయి. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ రేడియో వ్యాఖ్యాతగా మాట్లాడే ముక్క తర్వాత దానికి పొంతన లేని పాట రావడం, నిమిషం దాటీ దాటకముందే కొన్ని ముగిసిపోవడం చిరాకు తెప్పించాయి. చివరికి జంక్షన్ అనే ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర ఆగి, మొదటి నుంచి వరుసగా పెట్టాను. 78 నిమిషాల తర్వాత, ఇరవై ఏడవదైన ‘ఆమెన్’లో మొదటి పాట బాణీ తిరిగి వినిపించినప్పుడు కారు పక్కకు ఆపి కాసేపు కూర్చున్నాను. అన్ని నెలలు విన్నాను, కానీ ఆ రెండు కొసలు ముడిపడి ఉన్నాయని గమనించనే లేదు.

ఇందులో తీసేయవలసినది ఏదీ లేదని మొదట్లో స్నేహితులతో వాదించేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ‘జోలీన్’ను నేను దాటేస్తాను. కంట్రీ గాయని డాలీ పార్టన్ మూల గీతంలో ఒక స్త్రీ మరొక స్త్రీని వేడుకుంటుంది. ఇక్కడ ఆ వేడుకోలు హెచ్చరికగా మారింది, దానితో పాటలోని నొప్పి పోయింది. చివరి పాటల్లో, ‘రివర్‌డ్యాన్స్’ నుంచి నృత్య తాళం పైచేయి అవుతుంది. అది తప్పని అనను, కానీ మూడో పాటలో అంతగా పలికిన స్టీల్ గిటార్‌కు మళ్లీ అంత చోటు దొరకలేదన్న వెలితి నాకు ప్రతిసారీ కలుగుతుంది.

ఈ ఇష్టంలో నా వీణకూ, టెక్సస్ రోడ్లకూ వాటా ఉంది. బస్సులో రెండు పాటలు వినే వీలు మాత్రమే ఉన్నవారికి ఇది ముక్కలుగానే తోచవచ్చు, ఆ మాట అన్యాయమని నేను అనను. వరుసగా గంటన్నర తీరిక దొరికేవారికి మాత్రం తప్పక వినమని చెబుతాను. పిల్లలు కారులో ఉన్నప్పుడు ‘టైరంట్’ మొదలవక ముందే నేను ఆపేస్తాను, కాబట్టి ఆ ప్రయాణాల్లో ‘ఆమెన్’ దాకా చేరను.