పాత విండోస్: పైనా, పక్కనా, లోపలా, వేరే డిస్కులోనా... ఏది మేలు?

పర్లాకిమిడిలో శుభలేఖలు అచ్చేసే షాపుకి రెండు లిపులూ తెలియాలి. పెళ్లికొడుకుది గజపతి జిల్లా, పెళ్లికూతురిది మహేంద్రతనయ అవతల పాతపట్నం అయితే కార్డుకి ఓ పక్క ఒడియా, ఓ పక్క తెలుగు ఉంటాయి. 1936లో సరిహద్దు గీసినవాళ్లు మా కంపోజింగ్ గురించి ఆలోచించలేదు మరి. ఈ పని మేం ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లోనే చేస్తాం. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్. దానికి తోడు యూనికోడ్ కాని పాత ఫాంట్లు, వాటి కీబోర్డు డ్రైవరు, ఒడియా సాఫ్ట్‌వేరు కోసం సీపీయూకి గుచ్చే డాంగిల్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది, తాళంచెవి లాంటిది). ఈ సరంజామా అంతా మా షాపులో విండోస్ 7 మీద, అదీ 32 బిట్ మీద అలవాటు పడిపోయింది. కొత్త సిస్టం కొంటే వచ్చేదేమో విండోస్ 11. దానికి 32 బిట్ వెర్షనే లేదు.

అందుకని కొత్త సిస్టంలో పాత విండోస్ వేయించబోయి ఓసారి నిండా మునిగాను. వచ్చిన కుర్రాడు "డీ డ్రైవ్ ముట్టుకోను మాస్టారూ" అన్నాడు. ముట్టుకోవాలని అతనికీ లేదు. పెన్‌డ్రైవ్‌ని పాతకాలపు బయోస్ (సిస్టం ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) పద్ధతిలో బూట్ చేశాడు. ఈ డిస్కు జీపీటీ (కొత్త తరహాలో భాగాలు చేసింది), ఇందులో నేను పడను అని సెటప్ మొరాయించింది. అతను డిస్కుల్ని భాగాలు చేసే, చెరిపే డిస్క్‌పార్ట్ తెరిచి 'క్లీన్' కొట్టాడు. సీ, డీ రెండూ ఒకే ఎస్ఎస్‌డీలో చేసిన భాగాలని, క్లీన్ అంటే మొత్తం డిస్కుకి వర్తిస్తుందని ఇద్దరికీ ఆ క్షణంలో తట్టలేదు. నాలుగేళ్ల ఫైళ్లు పోయాయి. అప్పట్నుంచి ఎవరైనా విండోస్ 7 వేయించాలంటే "ఎక్కడ వేస్తున్నావు?" అనే ముందు అడుగుతున్నాను.

ఒక మినహాయింపు ఉంది. ఉన్న సిస్టంనే 11కి అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే ఇదంతా చదవక్కర్లేదు. సెటింగ్స్‌లో రికవరీకి వెళ్లి 'గో బ్యాక్' నొక్కితే ముందున్న విండోస్ వచ్చేస్తుంది, ఫైళ్లు ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న సాఫ్ట్‌వేర్లు మాత్రం పోతాయి. డిస్కులో చోటు కోసం, పాత విండోస్ దాచి ఉంచే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డరుని చెరిపేసినవాళ్లకి ఈ దారి లేదు.

ఉన్నదాని పైనే పాతది వేయడం నా లెక్కలో ఆఖరిది. కొత్త వెర్షన్‌కి వెళ్లేటప్పుడు కనిపించే 'ఫైళ్లు ఉంచు' అనే వెసులుబాటు, కిందికి దిగేటప్పుడు దొరకదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఫార్మాట్ కొట్టకుండా 'కస్టమ్'లో వేస్తే పాత డెస్క్‌టాప్, ఫొటోలు విండోస్ డాట్ ఓల్డ్‌లో మిగులుతాయి. మిగులుతాయన్న ధైర్యంతో బ్యాకప్ మానేయకండి. ఆ తెరమీద సీ, డీ అని ఉండదు. 'డిస్క్ 0 పార్టిషన్ 3' అని ఉంటుంది, సైజు చూసి పోల్చుకోవాలి. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్కుని వాటంతట అవే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటున్నాయి, అంటే కీ లేనిదే చదవడానికి వీల్లేకుండా తాళం వేసుకుంటున్నాయి. అది ముందే ఆపకపోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 7 అయితే ఆ డిస్కుని చదవనే చదవదు.

పక్కనే వేయడం, అంటే డ్యూయల్ బూట్, చెప్పుకోడానికి బాగుంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని కాస్త కుదించి, ఆ ఖాళీలో పాతది వేయడం. 11 పక్కన 10 అయితే పెద్ద టెన్షన్ లేదు. 7 అయితే అడుగడుగునా గండమే. దాని సెటప్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు కాబట్టి మొదటి తెరమీదే మౌసూ కీబోర్డూ చచ్చిపోవచ్చు. మదర్‌బోర్డుకే నేరుగా గుచ్చే కొత్తరకం ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అసలు కనబడదు. అన్నీ దాటి వేశాక కొత్త విండోస్ బూట్ మెనూలోంచి మాయమైతే బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ కమాండుతో మళ్లీ రాయాలి. 'ఫాస్ట్ స్టార్టప్' ఆపకపోతే ఒక విండోస్ సగం నిద్రలో ఉండగా రెండోది అదే డ్రైవ్‌లో రాస్తుంది, ఫైళ్లు చెడతాయి. డేటా పోకూడదనుకునే మనిషి ఇన్ని చోట్ల వేలు పెట్టడం దేనికి?

లోపల వేయడం గుణుపురంలో ఉండే మా బావమరిదికి నేను చేసిపెట్టింది. ఉన్న విండోస్ లోపలే ఓ కిటికీలో ఇంకో విండోస్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, 8 జీబీ ర్యామ్‌లో 2 జీబీ దానికిస్తే 32 బిట్ విండోస్ 7 కులాసాగా నడుస్తుంది. మొత్తం విండోస్ ఒక ఫోల్డరులో ఉంటుంది. దాన్ని కాపీ చేస్తే సాఫ్ట్‌వేర్లతో సహా బ్యాకప్ అయినట్టే. అసలు డిస్కు పార్టిషన్లని ఎవరూ ముట్టుకోరు. ప్రింటు కోసం పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డరులో పడేస్తే బయటి విండోస్ నుంచి తీసుకోవచ్చు. నెలకి రెండుసార్లు పాత కార్డు తెరిచే మనిషికి ఇంతకంటే మంచిది లేదు. రోజంతా బరువైన రంగుల ఫొటోలతో కూర్చునేవాళ్లకి మాత్రం విసుగొస్తుంది.

నా షాపుకి నేను చేసుకున్నది వేరే డిస్కు. 240 జీబీ సాటా (కేబుల్‌తో తగిలించే) ఎస్ఎస్‌డీ ఒకటి కొని, నాలుగో తరం ప్రాసెసరున్న పాత సిస్టంలో పెట్టాను. వేసేటప్పుడు ఫైళ్లున్న డిస్కు కేబుల్ పీకేశాను. కనబడని డిస్కుని ఎవడూ చెరపలేడు! పని అయ్యాక మళ్లీ తగిలించి, బూట్ మెనూ కీతో ఏది కావాలంటే అది తెరుస్తాను. రెండో డిస్కుకి చోటులేని ల్యాప్‌టాప్‌లకి ఈ పద్ధతి కుదరదు, వాళ్లు వర్చువల్‌కే పోవాలి. ఎలా వేసినా విండోస్ 7కి నెట్ ఇవ్వకండి. 2020 జనవరి 14తో దానికి సపోర్టు ఆగిపోయింది.

ఏ దారైనా ముందు బ్యాకప్ ఉండాలి. అందులో అందరూ మరిచిపోయేది ఫాంట్లు. కార్డు ఫైళ్లన్నీ దాచి, సీ డ్రైవ్‌లో విండోస్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డరు దాచకపోతే, తెరిచినప్పుడు "చి.ల.సౌ." బదులు ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. కీబోర్డు డ్రైవరు, డాంగిల్ డ్రైవరు సెటప్‌లూ అంతే. కాపీ చేశాక వేరే సిస్టంలో ఒక ఫైలు తెరిచి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా షాపులో సిస్టమూ, దాని పక్క బీరువాలో పెట్టిన బ్యాకప్ డిస్కూ ఒకే నీళ్లలో తడిశాయి. ఇప్పుడు రెండో కాపీ పాతపట్నంలో మా అక్క ఇంట్లో ఉంటుంది.

లోపలా, వేరే డిస్కా అని ఇంకా తేలకపోతే డాంగిల్‌ని అడగండి. వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ జాబితాలో దాన్ని టిక్ చేసి, సాఫ్ట్‌వేరు తెరవండి. తెరుచుకుంటే ఖర్చు లేకుండా పని అయిపోయింది. కొన్ని పాత డాంగిళ్లు ఒప్పుకోవు. మాది ఒప్పుకోలేదు, అందుకే ఎస్ఎస్‌డీ కొన్నాను.