గ్రైండర్ లింకు పెట్టి ‘అక్కా’ అని పిలిచే ఆ తమ్ముడి మాట నమ్మకండి

ఆ డీల్స్ ఛానెల్ మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. దాన్ని నడిపే అబ్బాయి పొద్దున్నే ‘అక్కలూ, లేచారా’ అని మొదలుపెట్టి రాత్రి పదకొండు దాకా లింకులు పెడుతూనే ఉంటాడు. పేరు రాయను. చూసేవాళ్లకు ఈ రెండు మాటలతోనే తెలిసిపోతుంది. నిన్న సాయంత్రం నన్ను అందులోంచి తీసేశాడు. ఒంట్లో వణుకు ఇంకా తగ్గలేదు, అందుకని చెప్పే వరుస తప్పితే మన్నించండి.

మా పాత గ్రైండర్ మోటారు కాలిపోయింది. బాగుచేయించినా ఎన్నాళ్లో ఉండదన్నారు. సరిగ్గా ఆ వారంలోనే అతను టేబుల్ మీద పెట్టుకునే గ్రైండర్ వీడియో పెట్టాడు. 9,999 కొట్టేసి 4,899. ‘ఇంకా మూడే ఉన్నాయి, పది నిమిషాల్లో ధర పెరిగిపోతుంది, మా అమ్మకు కూడా ఇదే కొనిచ్చాను’ అన్నాడు. ‘మా అమ్మకు’ అన్న మాట దగ్గరే నేను పడిపోయాను. కొన్నాను. కొని ఊరుకోకుండా నూజివీడులో ఉన్న మా వదినకూ ఆ లింకు పంపాను. ఆవిడా కొంది. ఎక్కడ కొన్నామన్నది ఇక్కడ ముఖ్యం కాదు, పెద్ద ఆన్‌లైన్ దుకాణమే.

మొదటి వాయి పారబోయాలని నాకు తెలుసు. గుప్పెడు పప్పు వేసి రుబ్బి పారబోశాను. రెండోదీ పారబోశాను. మూడో వాయి ఇడ్లీకని అరకిలో మినప్పప్పు వేశాను. ఇరవై నిమిషాలకు డ్రమ్ములో చెయ్యి పెడితే పిండి వేడిగా తగిలింది. వేళ్ల మధ్య రాస్తే రవ్వరవ్వగా ఉంది. కొంచెం నోట్లో వేసుకుంటే పళ్ల కింద కరకర. గిన్నె కడిగినప్పుడు అడుగున సన్నటి బూడిదరంగు పొడి మిగిలింది. అది పప్పు పొట్టు కాదు, రాతి పొడి. మా ఇంట్లో ఆరేళ్ల మనవరాలు ఉంది. ఆ పిండి మొత్తం కొబ్బరిచెట్టు పాదులో పోశాను.

అది ఐదో రోజు. వెనక్కి పంపడానికి ఏడు రోజుల గడువు. ఫోనులో ఆర్డర్ తెరిచాను. ‘రిటర్న్’ అన్న గడి కనిపిస్తూనే ఉంది. నొక్కబోయి ఆగాను. ఎందుకు ఆగానో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇంత మంచి అబ్బాయి చెప్పి కొనిపించాడు, ఒక మాట అడిగి పంపుదాం అనుకున్నాను. అడిగాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. దాన్ని అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను:

‘అక్కా, తొందరపడకండి. కొత్త రాళ్లు అలాగే ఉంటాయి. ఇంకో నాలుగైదు వాయిలు రుబ్బండి, కుదురుకుంటాయి. మా అమ్మ గ్రైండరూ మొదట్లో అంతే. నా మాట మీద ఉంచండి.’

కక్కు కొట్టించిన రోట్లో మొదటి రెండు మూడు రోజులు ఇసుక తగలడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని నేను. అందుకే అతని మాట నాకు సబబుగా తోచింది. ఉంచాను. రోజుకో వాయి చొప్పున రుబ్బాను, పారబోశాను. వదినకు కూడా ‘ఉంచు వదినా, కుదురుకుంటుందట’ అని నేనే చెప్పాను.

ఎనిమిదో రోజు పొద్దున చూస్తే రిటర్న్ గడి లేదు. ఆ చోట కంపెనీ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమని ఉంది. ఆ సెంటర్ విజయవాడలో ఉందట, ఫోను మోగుతుంది కానీ ఎత్తేవాళ్లు లేరు. దుకాణం వాళ్లకు ఫోన్ చేస్తే, గడువు దాటింది కాబట్టి చేసేదేమీ లేదని, వీడియోలో ఎవరో చెప్పినదానితో తమకు సంబంధం లేదని చెప్పారు. మళ్లీ అతనికే రాశాను. జరిగిందంతా చెప్పి, ‘మీరు ఉంచమన్నారనే ఉంచాను తమ్ముడూ’ అన్నాను. దానికి వచ్చిన జవాబు:

‘నేను అమ్మలేదు కదండీ. లింకు పెట్టాను, అంతే. నొక్కింది మీరు, కొన్నది మీరు.’

అంతవరకూ అక్కనైన నేను ఆ ఒక్క వాక్యంలో ‘అండీ’ అయిపోయాను. ఆ తర్వాత ఛానెల్లో మిగతావాళ్లకు తెలియాలని అక్కడే రాస్తే ఐదు నిమిషాల్లో నా మాట మాయమైంది, నేనూ మాయమయ్యాను.

ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడికి కెమెరాల పిచ్చి, వాటి గురించి రాస్తుంటాడు, లింకులు పెట్టి కొంత సంపాదిస్తాడు కూడా. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు: ‘పిన్నీ, ఐదో రోజున నువ్వు దాన్ని వెనక్కి పంపి ఉంటే నష్టం ఎవరికి?’ నాకు అర్థం కాలేదు. వాడు వివరించాకే ఆ ‘తొందరపడకండి అక్కా’ అన్న మాట అసలు అర్థం తెలిసింది.

ఆ లింకులు ఉత్త లింకులు కావు. పెట్టినవాడి గుర్తు అందులో ఉంటుంది. అమెజాన్ ఈ పద్ధతిని అమెరికాలో 1996లోనే మొదలుపెట్టింది. అఫిలియేట్ అంటారు. మనం ఆ లింకు నొక్కి కొంటే ధరలో ఇంత శాతమని అతనికి ముడుతుంది, వస్తువు రకాన్ని బట్టి శాతం మారుతుంది. అమెజాన్‌లోనైతే నొక్కాక 24 గంటల్లోపు ఆ దుకాణంలో ఇంకేం కొన్నా మామూలుగా అతని లెక్కలోకే వెళ్తుంది. గ్రైండర్ చూసి వద్దనుకుని సబ్బుల పొడి కొన్నా సరే. కానీ మనం వస్తువు వెనక్కి పంపితే ఆ కమిషన్ రద్దవుతుంది. డబ్బు చేతికి రావడానికి కూడా నెల ముగిశాక ఇంకో రెండు నెలలు పడుతుందట.

నా గ్రైండర్ మీద అతనికి వచ్చేది మహా అయితే రెండు వందల యాభై రూపాయలు ఉంటుందని మా వాడి అంచనా. నేను రిటర్న్ గడి నొక్కితే అది పోతుంది. నొక్కకుండా ఇంకో మూడు రోజులు ఆపగలిగితే ఉంటుంది. ఆపాడు. వాళ్ల అమ్మ పేరు చెప్పి ఆపాడు.

లింకు పెట్టి సంపాదించడం తప్పని నేను అనడం లేదు. మా బాబాయి ముప్ఫై ఏళ్లు ఎల్ఐసీ ఏజెంటుగా చేశాడు. ఆయనకు కమిషన్ వస్తుందని ఊరందరికీ తెలుసు, ఆయనే చెప్పేవాడు. అది తెలిసే అందరూ ఆయన మాటకు ఎంత విలువ ఇవ్వాలో అంత ఇచ్చేవాళ్లు. మా అక్క కొడుకు కూడా రాసిన ప్రతి దాని మీద మొదటి వరుసలోనే ‘ఈ లింకుతో కొంటే నాకు కొంత డబ్బు వస్తుంది’ అని రాస్తాడు. బాగాలేని కెమెరాను బాగాలేదనే రాస్తాడు, అది కొనకపోతే తనకు రూపాయి రాదని తెలిసి కూడా. అది చదివిన మనిషి తన బుద్ధితో తాను నిర్ణయం తీసుకుంటాడు. ఈ ఛానెల్ అతను నా దగ్గర దాచింది అదే. సలహా అడిగితే తమ్ముడిలా చెప్పాడు, లెక్క మాత్రం తనది చూసుకున్నాడు. ఆ ఐదో రోజున ‘అక్కా, మీరు పంపితే నాకు కమిషన్ పోతుంది’ అని నిజం చెప్పి ఉంటే, ఒట్టేసి చెబుతున్నాను, నేనే పాపం అనుకుని అతను పెట్టిన ఇంకో వస్తువేదైనా కొని ఉండేదాన్ని.

నిన్న రాత్రి నిద్రపట్టక ఆ వీడియో మళ్లీ చూశాను. కొనే ముందు రెండుసార్లు చూసిన వీడియోనే. ఈసారి ఆపి ఆపి చూశాను. స్విచ్ మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. రాళ్లు తెల్లగా, పొడిగా తిరుగుతున్నాయి. డ్రమ్ములో చుక్క నీళ్లు లేవు. తర్వాత దృశ్యంలో స్టీలు గిన్నెలో వెన్నలాంటి పిండి చూపించాడు, కానీ ఆ పిండి గ్రైండర్లోంచి గిన్నెలోకి రావడం ఎక్కడా లేదు. అది ఎవరి ఇంట్లో, ఎందులో రుబ్బిన పిండో. వాళ్ల అమ్మకు కొనిచ్చానన్న గ్రైండర్ ఒక్క గింజ కూడా రుబ్బలేదు. ఇది నాకు ముందే ఎందుకు కనిపించలేదు? నలభై ఏళ్లుగా పిండి రుబ్బుతున్న చేతులు నావి.

దీనికి చట్టం లేదనుకోకండి. ప్రచారం చేసేవాళ్లు తమకు డబ్బో ఉచిత వస్తువో అందుతుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని, ఏ భాషలో ప్రచారం చేస్తే ఆ భాషలోనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాడి చూడని వస్తువును వాడినట్టు చెప్పకూడదని కూడా అందులో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ‘ఇంకా మూడే ఉన్నాయి’ అని లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో మోసపు పద్ధతుల జాబితాలో చేర్చారు. అమెజాన్ కూడా తన లింకులు పెట్టేవాళ్లు కొనుగోళ్ల మీద సంపాదిస్తున్నట్టు బయటికి చెప్పి తీరాలని షరతు పెట్టింది. ఈ ఛానెల్లో ఆరు నెలలుగా ఉన్నాను, అలాంటి ముక్క ఒక్కసారి కూడా చూడలేదు. పైకి కిందికి వెతికాను కూడా.

ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మా వదిన చేత కూడా చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అతని రెండు జవాబులూ ఫొటో తీసి దాచాను. మీ దగ్గర అతని మాటలేవైనా ఉంటే చెరిపేయకుండా అలాగే ఉంచండి.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. ‘పోనీలే’ అంది. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆవిడ 4,899 కూలి డబ్బుల్లోంచి కూడబెట్టినవి, నా మాట మీద పెట్టింది. నాకు ఆ లింకు పంపినందుకు రూపాయి రాలేదు. అయినా ఆవిడను అందులోకి దించింది నేనే. ఆ డబ్బు నేను ఇచ్చేస్తానంటే తీసుకోవడం లేదు.

చివరగా రెండు ముక్కలు. ఎవరైనా పెట్టిన లింకు తెరిచాక పైన చిరునామా గీతలో చూడండి. అమెజాన్‌దైతే ట్యాగ్ (tag) అన్న మాట, దాని పక్కన ఏదో ఒక పేరు, చివర 21 అని అంకె కనిపిస్తే అది కమిషన్ లింకు. ఆ యాప్‌లోనే తెరుచుకుంటే కనిపించకపోవచ్చు, బ్రౌజర్లో తెరవండి. వస్తువు నచ్చకపోతే లింకు పెట్టినవాడిని అడగకండి. గడువు లోపల పంపించేయండి.

ఇది రాస్తుండగా వదిన ఫోన్ చేసింది. ఆవిడ ఇంకా ఆ ఛానెల్లోనే ఉంది. అదే గ్రైండర్‌ను ఈ మధ్యాహ్నం మళ్లీ పెట్టాడట, ఈసారి 4,799. అదే వీడియో, అదే ప్లాస్టిక్ కాగితం. ‘ఇంకా రెండే ఉన్నాయి అక్కలూ’ అని. దయచేసి కొనకండి.