జాగ్రత్త: ‘లైవ్ ఆడ్స్ ట్రేడింగ్ నేర్పుతాం’ అంటే ఫీజు కట్టకండి (విజయవాడ, గుంటూరు వాళ్లకు)

ఐపీఎల్ మొదలైతే చాలు, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్ల నుంచి గుంటూరు బ్రాడీపేట రూముల దాకా కుర్రాళ్ల ఫోన్లలో ఒకటే మెసేజ్: "ఇది బెట్టింగ్ కాదు బ్రో, ట్రేడింగ్. ఎవరు గెలిచినా మనకు ప్లస్సే." ముందు టెలిగ్రామ్ గ్రూపులో కలుపుకుని కొన్ని మ్యాచ్‌లు ఉచితంగా చెప్తారు. ఆ తర్వాత కోర్సు ఫీజు అడుగుతారు. ఫీజు కట్టాక "మేమిచ్చే ఐడీలోనే (పందెం సైటు లాగిన్‌లోనే) ఆడాలి" అంటారు. అసలు వ్యాపారం అక్కడే మొదలవుతుంది.

వాళ్లు బోర్డు మీద వేసి చూపించే లెక్కలో తప్పేం లేదు. లెక్క తెలిసినవాళ్లు కూడా పడిపోయేది అందుకే. ఛేజింగ్ చేస్తున్న జట్టు రేటు 2.00 (గెలిస్తే పెట్టిన రూపాయితో కలిపి రెండు రూపాయలు) ఉన్నప్పుడు 1000 రూపాయలు లగాయి చేస్తారు, అంటే గెలుస్తుందని కాస్తారు. రెండు ఫోర్లు పడి రేటు 1.50కి దిగితే అదే జట్టు మీద 1333 ఖాయి చేస్తారు, అంటే గెలుస్తుందనే ఎదుటివాడి 1333 పందేన్ని తాము తీసుకుంటారు. జట్టు గెలిస్తే మొదటి దానిలో 1000 వచ్చి రెండో దానిలో 667 పోతుంది. ఓడితే 1000 పోయి 1333 వస్తుంది. ఎటు చూసినా 333 మిగులు. దీన్నే ‘బుక్ సెట్’ అంటారు, ‘గ్రీన్’ అంటారు. పందెం కాసేవాళ్లు ఒకరి మీద ఒకరు ఆడే ఎక్స్ఛేంజీ సైటు అయితే ఇందులోంచి కమీషన్ కూడా కోస్తుంది, ఆ మాట క్లాసులో వినపడదు.

ఇక వికెట్ పడితే? "రేటు 2.20 దాటగానే స్టాప్ లాస్ పెట్టి బయటికొచ్చేయండి, పోయేది 91 రూపాయలే" అంటారు. 2.20 దగ్గర 909 ఖాయి చేస్తే నష్టం 91 అన్నది కాగితం మీద నిజమే. కానీ క్రికెట్ రేటు షేరు ధరలాగా పైసా పైసా కదలదు. సెట్ అయిన బ్యాటర్ అవుటైతే 2.00 నుంచి నేరుగా 3.00కి దూకొచ్చు. మధ్యలో 2.20 అనే రేటు ఎవరికీ దొరకదు. 3.00 దగ్గర బయటపడాలంటే 667 ఖాయి చేయాలి, నష్టం 333. అంటే ఒక్క వికెట్ దెబ్బకి ఒక పూర్తి ‘గ్రీన్’ ఎగిరిపోతుంది.

ఇంతకన్నా పెద్ద సమస్య టైము. టీవీలో మీరు చూసే బంతి కొన్ని సెకన్ల కిందటే పడిపోయి ఉంటుంది, ఫోన్ స్ట్రీమింగ్‌లో ఇంకా ఆలస్యం. రేటు నడిపేవాడికి సమాచారం గ్రౌండ్ నుంచే అందుతుంది. ఒకసారి ఆ యాప్‌ను, టీవీని పక్కపక్కన పెట్టి చూడండి. టీవీలో బౌలర్ ఇంకా రనప్‌లో ఉండగానే యాప్‌లో ‘బాల్ రన్నింగ్’ అని గడులు బూడిదరంగుకి మారిపోతాయి. గడులు తిరిగి తెరుచుకునేసరికి రేటు మారిపోయి ఉంటుంది. ఆ తర్వాతే మీ టీవీలో స్టంప్ ఎగురుతుంది. పందెం నొక్కినా వెంటనే పడదు, కొన్ని సెకన్లు ఆపుతారు. ఆ లోపు రేటు మీకు లాభంగా కదిలితే ‘రేటు మారింది’ అని తిప్పికొడతారు. నష్టంగా కదిలితే మాత్రం హాయిగా పడుతుంది.

సెషన్ల (ఇన్ని ఓవర్లకు ఎన్ని పరుగులు వస్తాయన్న పందేల) సంగతి ఇంకా అన్యాయం. 6 ఓవర్లకు 48-50 అని ఇస్తారు. ఎస్ అన్నవాడికి 50 గానీ ఆపైన గానీ కావాలి, నో అన్నవాడికి 47 గానీ అంతకు తక్కువ గానీ కావాలి. స్కోరు 48 గానీ 49 గానీ అయితే ఇద్దరి డబ్బూ బుకీకే. దీన్ని పట్టుకుని ‘సెషన్ స్ట్రాటజీ’ అని రెండో కోర్సు అమ్ముతున్నారు. ‘లాస్ కవర్’ అని డబుల్ చేస్తూ పొమ్మనేది మూడోది. 1000తో మొదలుపెట్టి వరసగా ఆరు పోతే పోగొట్టుకున్నది 63,000 అవుతుంది. ఏడోది గెలిచినా చేతికి మిగిలేది 1000.

ఇక ఐడీ. ఆ సైటు ఎక్స్ఛేంజీలా కనిపిస్తుంది గానీ అద్దెకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ ప్యానెల్ అది. పైన సూపర్ మాస్టర్, కింద మాస్టర్, అట్టడుగున మీకు ఐడీ ఇచ్చిన ఏజెంటు. మీరు పోగొట్టుకున్న దాంట్లో వీళ్లందరికీ వాటా ఉంటుంది. కోర్సు చెప్పేవాడే ఐడీ కూడా ఇస్తున్నాడంటే, మీరు ఓడితేనే అతనికి డబ్బులు. అతను చూపించే లాభాల స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు, ఏజెంటు ఏ ఐడీలోనైనా పాయింట్లు వేసుకోగలడు.

"వరసగా ఐదు మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పాడు కదా" అంటారా? 3200 మందిని రెండు గ్రూపులు చేసి ఒకరికి ఒక జట్టు, ఇంకొకరికి ఇంకో జట్టు చెప్తే 1600 మందికి కచ్చితంగా నిజమవుతుంది. తప్పయిన గ్రూపును వదిలేసి మిగతావాళ్లను మళ్లీ సగం చేస్తారు. ఐదో మ్యాచ్‌కి 100 మంది మిగులుతారు. ఫీజు అడిగేది ఆ 100 మందినే.

ఒకవేళ నిజంగానే గెలిచారనుకోండి. విత్‌డ్రా పెట్టగానే ‘ఎర్రర్ బెట్’ (తప్పు రేటుకు పడిన పందెం) అని కొట్టేస్తారు, లేదా "ముందు జీఎస్టీ కట్టండి, ట్యాక్స్ కట్టండి" అంటారు. ఆన్‌లైన్ గేముల గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే గానీ, దాన్ని ఇచ్చే డబ్బులోంచే కోయాలి. విడుదల చేయడానికి ఎదురు డబ్బు కట్టమంటే అది పచ్చి మోసం. కోర్టుకెళ్దామంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పైగా మన రాష్ట్రంలో జూద చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆన్‌లైన్ పందెం ఆడించేవాడితో పాటు ఆడేవాడికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఇలాంటి వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ‘ట్రేడింగ్’ అని పేరు మార్చినంత మాత్రాన ఇదంతా తప్పదు.

డబ్బు ఇప్పటికే కట్టేసినవాళ్లు ఇంకో రూపాయి పంపకండి. చాట్, లింకు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ నంబరు) దాచిపెట్టుకోండి. గ్రూపులో గొడవ పడితే ముందు మిమ్మల్ని తీసేస్తారు, చాట్ చెరిపేస్తారు. కాబట్టి స్క్రీన్‌షాట్లు తీశాకే మాట్లాడండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వాళ్ల దగ్గర్నుంచి మీ ఖాతాలోకి డబ్బు వచ్చి ఉంటే ఇంకో తలనొప్పి. అది వేరే ఎవరో మోసపోయిన సొమ్ము కావచ్చు. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల కేసులో మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. బ్యాంకుకెళ్లి ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్ అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అవి లేకుండా మేనేజర్ చుట్టూ తిరిగినా ఏం కాదు. "మీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వండి, నెలకు ఇంత ఇస్తాం" అని ఇదే గ్రూపుల్లో కాలేజీ పిల్లల్ని అడుగుతున్నారు. ఇస్తే కేసులో మొదట ఎక్కే పేరు ఖాతాదారుడిదే. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకులో కార్డు బ్లాక్ చేయించి, సిమ్ ఆపించి, రాసిచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకోండి.